అంగుళం మాస్టారి వదులు చొక్కా

ఆ వీధి దర్జీని అందరూ అంగుళం మాస్టారు అంటారు. ఎవరి చొక్కా కుట్టినా లోపల అంగుళం గుడ్డ ఎక్కువ వదిలేస్తాడు. "మనిషన్నాక ఒళ్లు చేస్తాడు. అప్పుడు విప్పుకోవచ్చు" అంటాడు. ముప్పై ఏళ్లుగా ఆయన కత్తిరించి కుడితే, భార్య కాజాలు తీసి గుండీలు కుడుతుంది.

అలాంటి మాస్టారికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో తల కదలకుండా ఆయన ముఖానికి సరిగ్గా అతికే మాస్కు చేసి, రోజూ అది బిగించి రేడియేషన్ ఇచ్చేవారు. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది, "ఒళ్లు తగ్గితే మాస్కు వదులవుతుంది. కొత్తది చేసేదాకా వైద్యం ఆగిపోతుంది. బరువు కాపాడుకోండి."

చెప్పినంత తేలికా? మూడో వారానికి ఏం నోట్లో పెట్టినా ఇనుము నాకినట్టుండేది. గుటక వేస్తే గొంతు మండిపోయేది. భార్య ఇచ్చిన పాలు సగం తాగి, మిగతా సగం కిటికీలో మొక్కకు పోసేవాడు.

చొక్కాలు వేలాడసాగాయి. భార్య బెంగపడుతుందని, ఆవిడ నిద్రలేవకముందే అయిదు చొక్కాలకూ అటో అంగుళం, ఇటో అంగుళం లోపలికి కుట్టేసుకున్నాడు మన ఘనుడు. పైకి చూస్తే పెళ్లికొడుకే. మాస్కు మాత్రం మోసపోలేదు. దవడ పక్కన ఖాళీ చూసి టెక్నీషియన్ అన్నాడు, "ఇంకో కిలో తగ్గితే ఆపేయాల్సిందే, మాస్టారూ."

ఆ రోజు మాస్టారికి నిజంగా భయం వేసింది. అయినా ఇంట్లో నోరు విప్పలేదు.

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇస్త్రీకని చొక్కా తిరగేసిన భార్యకు కొత్త కుట్టు కనిపించింది. అయిదు చొక్కాల కుట్లూ విప్పేసింది. మర్నాడు చొక్కా తొడుక్కుంటే గోనెసంచిలా ఉంది.

"ఇదేంటే?"

"మీ పాత కొలతే. మీరు కుట్టుకున్నదే."

"దర్జీ ఇలా వీధిలోకెళ్తే ఎవరైనా గుడ్డ ఇస్తారా?"

"అయితే నింపండి." గుడ్డు గిలక్కొట్టిన పాలగ్లాసు ముందు పెట్టింది. "మొక్కకి మాత్రం పొయ్యకండి. అది ఇప్పటికే బాగా ఒళ్లు చేసింది."

మాస్టారికి నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. గొంతు మొద్దుబారే మందు పుక్కిలించి, చెంచా చెంచాగా గ్లాసు ఖాళీ చేశాడు. అప్పట్నించి రెండు గంటలకో గ్లాసు. వారం వారం తూకం చూసుకున్నాడు. ఉన్న బరువు నిలిచింది, మాస్కు నిలిచింది, ఒక్కరోజు కూడా వైద్యం ఆగలేదు.

రేడియేషన్ ఆఖరి రోజు ఆసుపత్రి నుంచి తిన్నగా కొట్టుకి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. చొక్కా ఇంకా వదులే.

"ఇదెవరు కుట్టారు మాస్టారూ, మీ కొలత తెలీదా?" అన్నాడు కొలతలివ్వడానికొచ్చిన బస్సు డ్రైవరు.

మాస్టారు టేపు తీస్తూ, "తెలిసే కుట్టాను. మనిషన్నాక ఒళ్లు చేస్తాడు" అన్నాడు.