గులాబీ ఇడ్లీ శాంపిలు

1985 వేసవిలో నన్ను నరసరావుపేటకు ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. హోటళ్ళు, కిరాణా కొట్లు, నూనె మిల్లులు తిరిగి, తినే సరుకుల మీద అనుమానం కలిగితే శాంపిలు తీసి పంపడం నా పని. కల్తీ ఉందో లేదో తేల్చే అధికారం మాత్రం నాది కాదు. అది ప్రభుత్వ ప్రయోగశాలలో కూర్చునే అనలిస్టుది. ఈ తేడా బయటివాళ్ళకు తెలియదు. నేను గుమ్మం ఎక్కితే చాలు, అక్కడ కల్తీ దొరికిందని చెప్పుకునేవారు.

రైలు స్టేషను వెనకవైపు సందులో మంగమ్మ హోటలు ఉండేది. బోర్డు లేదు. అద్దె ఇంటి వరండాలో నాలుగు బల్లలు, ఒక పెద్ద పెనం, అంతే. మంగమ్మ, ఆమె భర్త ఏడుకొండలు రెంటచింతల నుంచి వచ్చి స్థిరపడ్డారు. అతను రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. రాయి దొర్లి కాలు దెబ్బతిన్నాక బరువు పనికి పనికిరాకుండా పోయాడు. అప్పుడు మంగమ్మ పెనం పెట్టింది.

మిగతా హోటళ్ళలో తొమ్మిది దాటితే టిఫిన్లు అడుగంటేవి. ఇక్కడ మధ్యాహ్నం దాకా సాగేవి. రాత్రంతా లారీ నడిపి దిగినవాళ్ళు, తెల్లవారుజామునే బేరాలకు పోయి వచ్చిన వ్యాపారులు, కోర్టుకు వచ్చిన పల్లెటూరివాళ్ళు అక్కడే కడుపు నిండా తిని ఆ పూట భోజనం మానేసేవారు. ఏ రోజు ఏముంటుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకనాడు జొన్నపిండిలో మునగాకు కలిపిన అట్టు, ఇంకోనాడు పండుమిరపకాయ నూరి లోపల పూసిన సజ్జదోశ. "ఇయ్యాల ఏంది మంగమ్మా?" అని అడుగుతూ బల్ల దగ్గరికి జరగడం అక్కడి రివాజు. అన్నిటికన్నా పేరొచ్చింది గులాబీరంగు ఇడ్లీకి. బీట్‌రూట్ కోరి, పిండి తీసిన రసాన్ని ఇడ్లీపిండిలో కలిపేది. అప్పట్లో ఆ దుంప అక్కడ చాలామంది ఇళ్ళలో వండేవారు కాదు. అందుకని ఆ రంగు ఎక్కడిదని ఆశ్చర్యపోయేవాళ్ళూ ఉండేవారు, అనుమానపడేవాళ్ళూ ఉండేవారు.

వానలు మొదలయ్యాక మా ఆఫీసుకు ఫిర్యాదు అందింది. ఆ ఇడ్లీలో కలిపేది బట్టలకు వేసే రంగు అని. ఫిర్యాదు ఎవరిచ్చారో చెప్పకూడదన్నది మా నియమం. ఇప్పుడూ చెప్పను. ఇడ్లీలో కృత్రిమ రంగు చిటికెడైనా ఉండకూడదు. ఉందని తేలితే జైలు దాకా పోయే కేసు.

నేను వెళ్ళేసరికి బల్లలన్నీ నిండి ఉన్నాయి. నన్ను చూడగానే ఏడుకొండలు కర్ర పోటు వేసుకుంటూ ఎదురొచ్చి, లోపలి గదిలోకి రమ్మని బతిమాలాడు. సాధారణంగా హోటళ్ళ వాళ్ళందరూ అదే కోరేవారు. మంగమ్మ అట్లకాడ పక్కన పెట్టి అడ్డొచ్చింది.

"లోపలెందుకయ్యా? తలుపేసుకుంటే ఏందో ఉందనుకుంటారు. అందరి ముందరే తియ్యండి సారూ."

అలాగే తీశాను. ఇడ్లీలకు వెల ఇచ్చి రసీదు తీసుకోవాలి. శాంపిలును మూడు భాగాలు చేసి, చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేసి, శుభ్రమైన సీసాల్లో పెట్టి లక్క ముద్ర వేయాలి. ఒక సీసా అనలిస్టుకు, మిగిలిన రెండూ మా హెల్త్ ఆఫీసరు దగ్గరికి. దీనంతటికీ సంబంధంలేని సాక్షి ఒకరు కావాలి. సాక్షి అనగానే హోటలు ఖాళీ అయిపోవడం నాకు అలవాటే. ఆ రోజూ సగంమంది లేచారు. పాపయ్య అనే ప్లీడరు గుమాస్తా మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి, "రోజూ తినేవాణ్ణి, చూసింది చూశానని చెప్పడానికి భయమేంది?" అని సంతకం పెట్టాడు.

నా తృప్తికోసం విడిగా కొన్న రెండు ఇడ్లీలతో ఆఫీసులో చిన్న పరీక్ష చేశాను. ఇడ్లీ నానబెట్టిన రంగునీళ్ళలో కాస్త పులుపు కలిపి తెల్ల ఉన్నిదారం మరిగిస్తే, ఇలాంటి కల్తీకి వాడే రంగులు దారాన్ని పట్టుకుని వదలవు. కూరగాయ రంగు కడిగితే పోతుంది. మంగమ్మ ఇడ్లీ రంగు కడగ్గానే పోయింది. ఆ మాట హెల్త్ ఆఫీసరుకు చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు. నా దారం కోర్టులో చెల్లదన్నారు. అనలిస్టు రిపోర్టు రాకముందు నేను ఆ హోటల్లో కూర్చుని టిఫిన్ తిన్నా, తీర్పు చెప్పినట్టే అవుతుందన్నారు. ఆయన మాటలో తప్పులేదు. రిపోర్టు రావడానికి మాత్రం నెల దాటవచ్చు.

వారం గడిచాక ఆ సందులో వేరే పనిమీద వెళ్తే హోటలు మూసి ఉంది. పెనం గోడకు ఆనించి ఉంది. ఏడుకొండలు వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎందుకు మూశారని అడిగాను.

"రిపోర్టు వచ్చిందాకా తెరవకూడదంట గదా సారూ. తెరిస్తే ఇంకో కేసంట."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటన్నారు."

అటువంటి నిషేధం లేదని చెప్పాను. శాంపిలు తీయడమంటే పరీక్షకు పంపడమే. తప్పు తేలేదాకా నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. నా తీర్పు కలపకుండా, చట్టంలో ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. మంగమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడి అంతా విన్నది.

"అయితే ఊరికే మూసుకున్నామా?" అంది భర్తతో. కోపంగా కాదు, బరువేదో దించుకున్నట్టు. "ఇంకా రొండు నాళ్ళు ఇట్టాగే ఉంటే మావూరు పోదామనుకున్నాం సారూ" అని నాతో చెప్పింది.

మర్నాడే తెరిచారు. ఈసారి ఏడుకొండలు వీధివైపు పీట వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ కళ్ళముందే బీట్‌రూట్ కోరడం మొదలుపెట్టాడు. కాలు కదపనక్కర్లేని పని. మోచేతుల దాకా ఎర్రబడిన చేతులతో, "ఇదేందయ్యా?" అన్నవాళ్ళకల్లా ఒక ముక్క నోట్లో వేసుకోమని ఇచ్చేవాడు. మొదట పాపయ్య వచ్చాడు. ఆ తరవాత లారీలవాళ్ళు. పదిహేను రోజులు తిరిగేసరికి బల్లలు చాలక ఎదురింటి అరుగు మీద కూడా కూర్చుంటున్నారు. నేను చూస్తూ దాటిపోయేవాణ్ణి.

కృత్రిమ రంగు లేదని రిపోర్టు వచ్చింది. దాని నకలు తీసుకుని, బల్లలు నిండి ఉన్న వేళ చూసుకునే వెళ్ళి, అందరూ వినేట్టు చదివాను. ఏడుకొండలు ముఖం తుడుచుకున్నాడు. మంగమ్మ పెనం మీద చూపు తిప్పకుండానే, "చానా మంచిమాట చెప్పారు సారూ. ఇయ్యాల బచ్చలాకు పెసరట్టు. కూర్చోండి" అంది. అక్కడ నేను తిన్న మొదటి టిఫిను అది. అంచు కరకరలాడుతూ, నడుమ మెత్తగా, నంజుకోవడానికి చింతకాయ పచ్చడితో. మధ్యాహ్నం భోజనం అవసరం పడలేదు.

ఆ తరవాత నేను పనిచేసిన ప్రతిచోటా, సీసా బయటికి తీయకముందే దుకాణదారుకు రెండు ముక్కలు చెప్పేవాణ్ణి. ఇది పరీక్ష మాత్రమేనని, రిపోర్టు వచ్చేదాకా దుకాణం మూయనక్కర్లేదని. అలా చెప్పమని ఏ నియమావళిలోనూ లేదు. చట్టం దేన్ని వద్దంటుందో చెప్పడానికి మాకు జీతమిచ్చేవారు. దేన్ని వద్దనలేదో చెప్పడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని నాకు నరసరావుపేటలో తెలిసింది.