అమ్మ ఆమెకు చెప్పిన మాటలు

ఎం.ఏ. అయిపోయిన ఏడాదే హైదరాబాదులో మా యూనివర్సిటీ క్లినికల్ సైకాలజీ లాబ్‌లో నన్ను రిసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు. అవి ఎనభైల చివరి సంవత్సరాలు. లాబ్ నడిపే మేడం నన్ను ఎంచుకోవడానికి కారణం నా మార్కులు కాదని నాకు తెలుసు. డాక్టర్లకు జబ్బేమీ కనబడకపోయినా ఒళ్ళు నొప్పులనీ, గుండెదడ అనీ, నిద్ర పట్టడం లేదనీ దవాఖానాల చుట్టూ తిరిగే ఆడవాళ్ళ మీద ఆమె పరిశోధన చేస్తున్నారు. దానికోసం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు తిరగాలి. మాది వనపర్తి.

"అక్కడి మాట నీ నోట్లో ఉంది. నాకు కావలసింది అదే" అన్నారు మేడం.

హాస్టల్లో నా మాట విని నవ్విన వాళ్ళు ఎంతోమంది. అదే మాట కోసం ఒకరు ఉద్యోగం ఇచ్చారంటే ఎంత పొంగిపోయానో చెప్పలేను.

అయితే నాతో పాటు ఇంకో అమ్మాయిని కూడా తీసుకున్నారు. పాతబస్తీలో పుట్టి పెరిగిన ముస్లిం అమ్మాయి. ఇంట్లో ఉర్దూ, బయట వచ్చీ రాని తెలుగు. ఆడవాళ్ళను కూడా "వచ్చిండు, పోయిండు" అనేది. ఈమెను ఎందుకు తీసుకున్నట్టని మొదటి రోజే అనుకున్నాను.

లాబ్‌లో ఒక గదికి అద్దం ఉండేది. లోపలి వాళ్ళకు అది మామూలు అద్దమే. అవతలి చీకటి గదిలోంచి చూసేవాళ్ళకు మాత్రం కిటికీ. మేము ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ అభ్యాసం చేస్తుంటే మేడం అవతల కూర్చుని చూసేవారు. నేను ప్రశ్నలన్నీ వరస తప్పకుండా అడిగేదాన్ని. ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగి ఊరికే కూర్చునేది. ఎదుటి మనిషి మాట్లాడేదాకా అలాగే కూర్చునేది. బయటికి వచ్చాక మేడం నాతో "బాగుంది" అన్నారు. ఆమెతో ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేసి వరండా చివరిదాకా నడిపించుకుపోయారు. నేను ఉత్త పుణ్యానికి స్టాప్‌వాచీ తుడుస్తూ నిలబడ్డాను.

గద్వాలలో మొదట వెళ్ళింది ఒక నేతగాళ్ళ ఇంటికి. ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామెతో నేను, చిన్నామెతో ఆ అమ్మాయి మాట్లాడాలి. పెద్దామె గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని చీర అంచు నేస్తూనే నన్ను అడిగింది.

"ఎవరి బిడ్డవమ్మా?"

"మాది వనపర్తి."

"వనపర్తిల ఏ గేరి?"

వీధి పేరు చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది. "మా చిన్నమ్మను ఇచ్చింది ఆడనే కదనే! మీ ఇల్లు ఎరికే మాకు" అంది. నాకు సంతోషమైంది, ఇక మాటకు అడ్డు లేదనుకున్నాను. కానీ ఆ తరువాత ఏది అడిగినా ఒకటే జవాబు. "నాకేం బాధ లేదమ్మా. అంత మంచిగనే ఉన్నది. జర మోకాళ్ళు గుంజుతయి, గంతే."

వెనక వంటింట్లో చిన్నామె నవ్వడం వినిపించింది. "చేస్తుండు కాదే తల్లీ, ఆడిమనిషిని చేస్తుంది అనాలె!" అని ఆమె నాతో వచ్చిన అమ్మాయికి తెలుగు నేర్పుతోంది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది, ఏడుపు మొదలైంది. నా ఎదురుగా మగ్గం టకటకమంటూనే ఉంది.

గద్వాలలో ఏ ఇంటికి వెళ్ళినా ఇంచుమించు ఇదే తంతు. నాకు చాయ్ ఇచ్చి, చుట్టరికాలు కలిపి, సాగనంపేవాళ్ళు. ఆ అమ్మాయికి మాత్రం మనసు విప్పి చెప్పుకునేవాళ్ళు. బస చేసిన గదికి వచ్చాక ఆమె బాగా అలిసిపోయి గోడవైపు తిరిగి పడుకునేది. ఆ అలసట చూసినా నాకు కుళ్ళుగానే ఉండేది. నేను అలిసిపోయేంతగా నాకెవరూ ఏమీ చెప్పలేదు.

వనపర్తికి వచ్చాక మా ఊరు కదా, ఇక్కడ చూసుకుంటాలే అనుకున్నాను. సర్కారు దవాఖానాలో డాక్టరు ఎవరెవరితో మాట్లాడాలో పేర్లు చదువుతుంటే అందులో మా అమ్మ పేరు వచ్చింది.

ఆమె దవాఖానాకు పోతున్న సంగతే నాకు తెలియదు. ఇంటికి వెళ్ళి అడిగితే, "ఏం లేదే, ఛాతిల జర బరువు ఉంటది. సూదులేసిండ్రు, తగ్గలే" అంది. నేనే మాట్లాడదామనుకున్నాను. సొంతవాళ్ళతో మాట్లాడకూడదు, ఒకరు విన్నది ఇంకొకరికి చెప్పకూడదు అని మేడం ముందే గట్టిగా చెప్పి ఉన్నారు. అలా ఆ అమ్మాయి మా ఇంట్లోకి వచ్చింది.

అమ్మ లోపలి గది తలుపు దగ్గరికి వేసింది. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. చాలాసేపు మాటలు నెమ్మదిగా వినిపించాయి, ఏమంటున్నారో తెలియలేదు. ఒకసారి అమ్మ గట్టిగా నవ్వింది. నాన్న తపాలా ఆఫీసు నుంచి వచ్చే వేళకు గొంతు తగ్గించి నవ్వే మా అమ్మ, అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. తరువాత ఏమీ వినిపించలేదు. ఎండ అరుగు మీదికి వచ్చింది, నేను స్తంభం చాటుకు జరిగాను.

తలుపు తెరుచుకుని ఆ అమ్మాయి బయటికి వచ్చింది. ఆమె తలకు నూనె రాసి ఉంది. జుట్టంతా బిగించి ఒక్క జడ వేసి ఉంది. చేతులు ఊరికే పెట్టుకుని మాట్లాడటం మా అమ్మకు రాదు. మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల తల దువ్వుతూ కూర్చుందన్నమాట. నేను హాస్టలుకు పోయినప్పటి నుంచి అమ్మ నా తల ముట్టుకోలేదు. నేనూ అడగలేదు.

"పోయొస్త అమ్మా" అంది ఆమె.

"మల్ల రా బిడ్డా" అంది అమ్మ. అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది.

మరునాడు నాగర్‌కర్నూల్ బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కాసేపు ఓర్చుకుని అడిగేశాను.

"మా అమ్మ ఏం చెప్పింది?"

ఆమె కిటికీలోంచి చూస్తూ, "అది నేను చెప్పొద్దు కదా" అంది.

"ఆమె నాకు అమ్మ."

"నాకు ఎరికే. అందుకే చెప్పను."

"నాయిన గురించా? నా గురించా? గంతన్న చెప్పు."

ఆమె నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకున్నాను. ముందు సీటులో కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. నాగర్‌కర్నూల్‌లో ఉన్నన్నాళ్ళూ పని మాటలు తప్ప మా మధ్య వేరే మాట లేదు. ఆమె ఎవరింట్లోకి వెళ్ళినా, నాకు మాత్రం మా అమ్మ ముందే కూర్చున్నట్టు కనబడేది. మేడంకు సంగతి తెలిసింది. "తను నీకు చెప్పి ఉంటే ఇద్దరినీ పంపించేసేదాన్ని" అన్నారు. అందులోనూ నాకు ఆమెను మెచ్చుకోవడమే వినిపించింది.

ఒక ఆదివారం ఒక్కదాన్నే ఇంటికి వెళ్ళాను. అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. పొయ్యి పక్కన కూర్చుని అడిగాను.

"ఎవరో పరాయి పిల్లకు చెప్పినవు. నాకెందుకు చెప్పలే?"

అమ్మ రొట్టె తిరగేసింది. "నీకు చెప్పిననుకో, నువ్వు రేపటి సంది నన్ను గట్లనే చూస్తవు. మీ నాయినను గూడ గట్లనే చూస్తవు. చెప్పిన మాట ఇంట్లనే తిరుగుతుంటది. ఆ పిల్లకు చెప్పిన, ఆమె తీస్కపోయింది. అయిపాయె."

"నీకిప్పుడు ఛాతిల బరువు లేదా?"

"జర తక్కువైంది."

"మరి నేనేం చెయ్యాలె?"

"ఏం చేస్తవు? వేడి మీద తిను."

గద్వాలలో నాకెందుకు ఎవరూ ఏమీ చెప్పలేదో ఆ పూట అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కడుపులో మంట చల్లారలేదు. ఆ తరువాత ఎప్పుడు వెళ్ళినా అమ్మ ముందుగా ఆ పిల్ల ఎట్లుందని అడిగేది. నేను బాగుందని ముక్తసరిగా చెప్పి ఊరుకునేదాన్ని.

పరిశోధన ముగిశాక ఆ అమ్మాయికి బెంగుళూరులో పై చదువుకు సీటు వచ్చింది. వెళ్ళేముందు అమ్మను ఒకసారి చూసి పోతానంది. వద్దనడానికి నోరు రాలేదు, నేనే వెంట తీసుకువెళ్ళాను. అమ్మ ఆమెను చూడగానే చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. కాసేపు ముగ్గురం కూర్చున్నాం. అమ్మ నావైపు చూసింది.

"జర అంగడికి పోయి పెరుగు తీస్కరా బిడ్డా."

ఇంట్లో పెరుగు ఉంది. వంటింట్లో గిన్నె మీద మూత నాకు కనిపిస్తూనే ఉంది. ఆ అమ్మాయి తల దించుకుంది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. వీధి మలుపులో ఉన్న అంగడిని దాటుకుని బస్టాండు దాకా నడిచాను. అక్కడ పెరుగు కొన్నాను. వెంటనే తిరిగి రాకుండా, ఆత్మకూరు బస్సు నిండి కదిలేదాకా నిలబడి చూశాను. వాళ్ళిద్దరి మీదా కోపంగానే ఉంది. అయినా దూరపు దారినే ఇంటికి నడిచాను.