నాలుగు ఊళ్ళు కలిసి జరిపిన సీటు

ఆ రోజుల్లో మా పోస్టాఫీసులో టెలిఫోను బోర్డు ముందు కూర్చుంటే నా పేరు మణుగూరు. దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ట్రంకు ఆపరేటర్లమంతా ఒకరినొకరం ఊరిపేరుతోనే పిలుచుకునేవాళ్ళం. మా దగ్గర్నుంచి హైదరాబాదుకు మాట పోవాలంటే కొత్తగూడెం చేతిలోంచి, ఖమ్మం చేతిలోంచి పోవాలి. కొత్తగూడెంలో కూర్చునే ఆమె మొహం నేనెన్నడూ చూడలేదు గానీ, లైను ముందుగా ఇవ్వలేదని రోజూ ఆమెతో తగవు పెట్టుకునేదాన్ని. "నీకు నోరెక్కువ మణుగూరూ" అనేది. నిజమే, ఎక్కువే.

ఎనభైల నడుమ ఒక శ్రావణ శుక్రవారం. గనుల కాలనీ దాటితే మాకంతా అడవే. వాన పడితే కొమ్మలు విరిగి తీగల మీద పడేవి, సగం మాటలు వినబడేవి కావు. ఆ మధ్యాహ్నం మూడు దాటాక, తడిసి ముద్దయిన ఒక మనిషి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. తలగుడ్డ విప్పి, అందులోంచి పాలిథిన్ కవరు తీసి, దాన్ని విప్పి సన్నటి పుస్తకం లాంటిదొకటి రెండు చేతులతో నా ముందు పెట్టాడు. విమానం టికెట్టు. పల్చటి కాగితాలు, వాటి వెనక ఎర్రటి కార్బను. అంతకు ముందు నేను అలాంటిది చూసి ఎరగను. చేతులు కొంగుకు తుడుచుకుని మరీ పట్టుకున్నాను.

"నా బిడ్డది. నర్సు చదివింది. రేపు పొద్దుగాల పట్నంల విమానమెక్కాలె. చలిజరం పట్టుకుంది. లేస్తలేదు," అన్నాడు.

రెండు వాగుల అవతలి గూడెం వాళ్ళది. గల్ఫులో ఏదో ఆసుపత్రి ఆ పిల్లకు ఉద్యోగమిచ్చి టికెట్టు పంపింది. విమానం లేచేలోపు ఆఫీసుకు చెబితే తేదీ మారుస్తారనీ, చెప్పకపోతే టికెట్టు చచ్చినట్టేననీ దవాఖానా డాక్టరు చెప్పి, హైదరాబాదు ఆఫీసు నంబరు చీటీ మీద రాసిచ్చాడట. ఆసుపత్రి వాళ్ళు ఇంకో టికెట్టు పంపరు. ఆ ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. అంటే ఆ పిల్ల బతుకుతెరువు అయిదింటి లోపల తేలాలి.

"చదువొచ్చిన పిలగాన్ని ఎవన్నన్న పంపకపోయినవా పెద్దయ్యా? గింత వానల వాగులు దాటుకుంట నువ్వే రావాల్నా?" అని విసుక్కున్నాను.

"నేనే రావాలె బిడ్డా," అన్నాడు. నంబరు చీటీ నా ముందుకు జరిపాడు.

మా పోస్టుమాస్టరు టీ తాగుతూ అంతా విన్నాడు. "గింతదానికి ఫోనెందుకు? ఆ పిల్ల బదులు ఇంకో నర్సును పంపితే అయిపాయె. బాయిల బదిలీలు పోతలేరా?" అన్నాడు. గనిలో ఒకడికి జ్వరమొస్తే అతని షిఫ్టుకు బదిలీ వర్కరు దిగడం రోజూ చూసే ఊరు మాది. నాకూ అది సబబుగానే తోచింది. అర్జెంటు కాల్ బుక్ చేస్తూ అదే మాట కొత్తగూడేన్ని అడిగాను. ఆమె ఖమ్మాన్ని అడిగింది. ఖమ్మం పడీపడీ నవ్వింది. "టికెట్ మీద ఎవరి పేరుంటే వాళ్ళే పోవాలె. విమానంల బదిలీలుండయి మణుగూరూ!"

నాలుగూ పదికి లైను దొరికింది. హైదరాబాదు ఆపరేటరు విమానం ఆఫీసును కలిపింది. కానీ వాళ్ళ మాట నాకు నూతిలోంచి వచ్చినట్టుంది, నా మాట వాళ్ళకు అందడమే లేదు. అయిపోయింది, ఇంతేలే అనుకున్నాను. అప్పుడు కొత్తగూడెం అంది: "నువ్వు నాకు చెప్పు. నేను ఖమ్మానికి చెప్త."

టికెట్టు మీద బారెడు నంబరు. నేనొక అంకె చదివాను. దాన్నే కొత్తగూడెం అంది, తర్వాత ఖమ్మం, ఆ తర్వాత హైదరాబాదు. ఆఫీసులో ఎవరో రాసుకుని తిరిగి పలికితే, ఆ అంకె అదే దారిన అన్ని గొంతులూ మారి నా చెవికి వచ్చింది. అప్పుడు రెండో అంకె. సగంలో లైను తెగింది. మళ్ళీ కలిపి మొదటి నుంచీ చదివాను, నంబరయ్యాక పిల్ల పేరు. ఒక కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి. కొత్తగూడెం వెనక గనుల ఆఫీసు వాళ్ళెవరో లైను కోసం కేకలేయడం నాకు వినబడుతూనే ఉంది. నాకెన్నడూ అర నిమిషం ఎక్కువివ్వని మనిషి ఆమె. "నేనున్న. నువ్వు కానీ," అంది.

ఎక్కడో గుడిసెలో దుప్పటి కప్పుకుని వణుకుతున్న పిల్ల ఎవరికేమవుతుంది? ఇన్ని ఊళ్ళ అవతలి మనుషులు ఆ పిల్ల పేరును ఒక్కో అక్షరం అందుకుని జాగ్రత్తగా పక్కవాళ్ళకు అందిస్తున్నారు. ఏళ్ళ తరబడి ఆ తీగలు పట్టుకుని కూర్చున్నాను, వాటికింత శక్తి ఉందని నాకే తెలియదు. సిగ్గేసింది కూడా.

"ఆగమంటున్నరు," అంది కొత్తగూడెం. ఆగాం. బెంచీ చూపించినా పెద్దాయన కూర్చోలేదు. టికెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు.

అయిదుకు పది నిమిషాలుందనగా ముందు ఖమ్మం గొంతు దూరంగా వినబడింది, తర్వాత కొత్తగూడెం అరిచింది. "సీటుంది! వచ్చే గురువారం! డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నరు!"

నేను లేచి నిలబడే చెప్పాను. "మార్చిండ్రు పెద్దయ్యా. గురువారం పోతది నీ బిడ్డ."

సంబరపడతాడనుకున్నాను. కౌంటరు పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"నేనే మొక్కిన బిడ్డా," అన్నాడు. "మా గూడెం తల్లికాడికి పోయి, నా బిడ్డను పోనియ్యకు, ఎట్లనన్న ఆపు, కోడినిస్త అని మొక్కిన. మూడోనాటికి జరమొచ్చింది. నిన్నటేల చలికి పండ్లు కొరుక్కుంట, నాయినా నా విమానం అని ఏడ్చింది. గంతే, పొద్దున లేచి పోయి తల్లి ముందట మొక్కు ఇప్పుకున్న. ఆమె చేసుడు ఆమె చేస్తది. నేను చెడగొట్టింది నేనే బాగు చేసుకోవాలె గద. ఇంకొకల్లను పంపితే నడుస్తదా?"

నా నోటిని నేనే తిట్టుకున్నాను. పనికిమాలిన ప్రశ్న వేసి విసుక్కున్నందుకు ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

హెడ్‌సెట్‌లో కొత్తగూడెం ఇంకా ఉంది. "ఏమన్నడు మణుగూరూ? సంతోషపడ్డడా?"

ఆమెకు జవాబు చెప్పేలోపే పెద్దాయన లేచి టికెట్టును కవర్లో పెట్టి, తలగుడ్డలో చుట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి అడిగాడు.

"గురువారం విమానమంటే, ఈడ బస్సు ఎన్నడెక్కాలె?"

"బుధవారం రాత్రి."

ఆయన ఎడమచేతి వేళ్ళ మీద శనివారం నుంచి లెక్కపెట్టుకున్నాడు. బొటనవేలి దాకా వచ్చి ఆగాడు.

"అయిదు దినాలుంటది నాకాడ," అన్నాడు.