పైరెప్ప ఎత్తి చూడలేదు

ఈ మాట మోయబట్టి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో ఒక కంటి దవాఖానలో, డాక్టరు కంటే ముందు రోగుల్ని పరీక్షించే ఉద్యోగం నాది. తొర్రూరు వైపు నుంచి కొమురమ్మ అనే పెద్దామె వచ్చేది. గ్లకోమాతో ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంట్లో ఒత్తిడి తగ్గడానికి సన్నని ట్యూబు అమర్చారు. చాలాసార్లు ఆపరేషనైన కన్ను. పైపొర అరిగి ట్యూబు బయటపడితే, దానంగా వచ్చిన కంటి తెల్లపొర ముక్క కప్పి మా డాక్టరు కుట్టారు. అలాంటి కంటికి ప్రతిసారీ పైరెప్ప ఎత్తి, కిందికి చూడమని, ట్యూబు మీద పొర ఉందో లేదో చూడాలి. అర నిమిషం పని.

ఆ రోజు నర్సంపేట నుంచి శుక్లాల క్యాంపు బస్సు వచ్చింది. మధ్యాహ్నంలోపు అందర్నీ చూసేయాలి. కంట్లో ఇసుక పడ్డట్టుందని కొమురమ్మ అంది. ప్రెషర్ చూశాను, బాగానే ఉంది. డాక్టరు దాకా పంపకుండానే చుక్కల మందు రాసి ఇంటికి పంపేశాను. రెప్ప ఎత్తలేదు. తొందరా? బద్ధకమా? ఈమె ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతుందిలే అన్న చులకనా? మూడూ ఉన్నాయనుకుంటాను.

పది రోజులకు కంటి నిండా చీముతో వచ్చింది. ట్యూబు మళ్లీ బయటపడి, దాని వెంట ఇన్ఫెక్షన్ లోపలికి పోయింది. డాక్టరు ఫైలు అడిగారు. ఇచ్చేముందు, ఆ రోజు నేను రాసినదాని కింద మిగిలిన ఖాళీలో ఇంకో వాక్యం ఇరికించాను. ట్యూబు బయటపడింది, ఇవాళే చేరమని చెప్పాను, వినలేదు అని. ఇంగ్లీషులో. ఒక్క అక్షరం తడబడలేదు, అదే నన్నిప్పటికీ భయపెడుతుంది.

డాక్టరు చదివి, "దవాఖానల ఉండుమంటే ఎందుకు పోయినవమ్మా?" అన్నారు.

పక్కనున్న కొడుకు కస్సుమన్నాడు. "పత్తి ఏరుడు ఆగుతదని ఉరికొచ్చినవా అవ్వా? నాకొక్క మాట చెప్తే ఏం పోతుండె?"

కొమురమ్మ డాక్టరు గొంతు వైపు తిరిగింది. "ఆ బిడ్డ చెప్పే ఉంటది సారూ. నాకే యాదికి లేదు."

నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ట్యూబు తీసేశారు. చూపు దక్కలేదు. ఆ తర్వాత ఎప్పుడు తీసుకొచ్చినా, అవ్వకు మతిమరుపని కొడుకు అందరికీ చెప్పేవాడు. ఆమె తలూపేది. తను గోలీ మింగిందో లేదో కోడల్ని పదేపదే అడిగేదట. కన్ను నా నిర్లక్ష్యం వల్ల పోయింది. ఆమెకు తన మీద తనకున్న నమ్మకాన్ని మాత్రం తెలిసే తీశాను కదా?

ఆమె ఇంకా బతికే ఉంది. ఇప్పటికీ వెళ్లి చెప్పలేదు. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది, అందుకు సిగ్గుగానూ ఉంది. కొమురమ్మ ఏదీ మరిచిపోలేదు. ఆ రోజు చేరమని నేను చెప్పనేలేదు.