నాలుగు నాటికలకూ ఒకే తల్లి

మా ఊళ్ళో నాటక సమాజాలు ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు. పరిషత్తు పోటీల్లో ఎవరికి బహుమతి వచ్చింది, ఎవరి నటుణ్ణి ఎవరు లాక్కుపోయారు అన్న తగాదాలతోనే ఏడాదంతా సరిపోయేది. అలాంటిది నాలుగు సమాజాలు ఒక మాట మీదికొచ్చి, ఒకే కుటుంబం కథని నాలుగు నాటికలుగా, గుంటూరులో నాలుగు చోట్ల, వారానికొకటి చొప్పున ఆడతాయంటే నేను మొదట నమ్మలేదు. పైగా అది తెలుగువాళ్ళ కథ కూడా కాదు. నైజీరియా నుంచి లండన్ వెళ్ళి బతికిన ఒక కుటుంబం కథ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. నాటికలు రాసినాయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. ఊళ్ళో అందరికీ ఆయన మాస్టారే. వయసులో ఉండగా నైజీరియా వెళ్ళి అక్కడి బడుల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి వచ్చారు. అక్కడ తమ పక్కింట్లో ఉన్నవాళ్ళే తన కథలోవాళ్ళని చెప్పేవారు. మొదటి నాటికలో వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి బయలుదేరతారు. రెండోదాంట్లో లండన్‌లో మొదటి చలికాలం. మూడోదాంట్లో ఎదిగిన కొడుకు తల్లి భాష మాట్లాడనంటాడు. నాలుగోదాంట్లో తండ్రి పోతాడు, శవాన్ని సొంతూరికి తీసుకెళ్ళాలా, అక్కడే పూడ్చిపెట్టాలా అన్నది తల్లి తేల్చాలి. దర్శకుల్లో ఎక్కువమంది మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన అడిగితే ఎవరూ కాదనలేకపోయారు.

ఆయన నన్ను అడగడానికి మా ఇంటికే వచ్చారు.

"అమ్మాయ్, తండ్రీ కొడుకూ ఏ సమాజానికి ఆ సమాజం వాళ్ళే వేసుకుంటారు. తల్లి మాత్రం నాలుగింటికీ ఒక్కతే అయితే చూసేవాళ్ళకి కథ తెగదు. నువ్వు చేస్తావా?"

"చేస్తానండీ. మేకప్ ఎవరు?"

"మేకప్ వద్దమ్మా. నీ మొహం నీకుంటే చాలు."

నాది నల్లటి ఛాయ. వేషాలు వెయ్యడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నా మొహం మీద దట్టంగా గులాబీరంగు పూత వెయ్యకుండా నన్ను ఎవరూ స్టేజీ ఎక్కించలేదు. మెడ దాకా పూసి, చేతులకి పూసి, పాదాలకి కూడా పూసేవారు. కథానాయిక వేషం అయితే ఎవరూ ఇవ్వలేదు. వదినలు, గయ్యాళి అత్తలు, ఏడ్చే తల్లులు. మొహం కడుక్కున్నాక ప్లాట్‌ఫారం మీద బస్సు కోసం నిలబడితే, ఇందాక చప్పట్లు కొట్టినవాళ్ళే గుర్తుపట్టకుండా పక్కనుంచి వెళ్ళిపోయేవారు.

అప్పటికి నాకు నలభై నిండాయి. పగలు కొత్తపేటలో ఒక లేడీస్ టైలరు దగ్గర మిషను కుట్టేదాన్ని. మా అక్క పత్తి మిల్లులో పనికి వెళ్ళేది. భర్త పోయాక నా దగ్గరే ఉంటోంది. సాయంత్రానికి కనుబొమల్లో దూది పీచులతో వచ్చి గుమ్మంలో కూలబడేది. నేను ఒప్పుకున్న సంగతి చెప్తే కోప్పడింది.

"నాలుగు చోట్లా నువ్వేనా? వాళ్ళకి మనుషులు దొరకలేదా? నీ మొహం ఎట్టా పీక్కుపోయిందో అద్దంలో చూసుకున్నావే?"

"మాస్టారు అడిగారక్కా."

"అడుగుతారు. ఆయనకేం, కుర్చీలో కూచుంటారు. తిరగాల్సింది నువ్వు."

అక్క అన్నది నిజమే. ఆ రెండు నెలలూ తిరగడమే సరిపోయింది. మిషను మీంచి లేచి ఒకరోజు బ్రాడీపేట, ఒకరోజు పట్టాభిపురం, ఒకరోజు మిర్చి యార్డు దగ్గర ఒక సంఘం ఆఫీసు మేడమీదికి. మిరపకాయలు దిగే రోజులు. లారీలు, టిక్కీలనే మిరప బస్తాలు, గాలంతా ఘాటు. మేడమీద రిహార్సలు మొదలైతే ఒకరు దగ్గడం, ఆ దగ్గు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం. నా గొంతు మొదటి వారంలోనే బొంగురుపోయింది. పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని డైలాగులు చెప్పేదాన్ని.

దర్శకుల సంగతి వేరే చెప్పాలి. మొదటాయన తల్లి ప్రతి మాటకీ కళ్ళు తుడుచుకోవాలన్నాడు. రెండో ఆయన గొంతు పెంచమన్నాడు. మూడో ఆయన తగ్గించమన్నాడు. నాలుగో ఆయన నాటిక పూర్తిగా చదివినట్టు నాకు తోచలేదు. ఒకే మనిషిని నలుగురు నాలుగు రకాలుగా నడిపిస్తుంటే, రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని ఏ తల్లి దగ్గర ఆగానో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం మాస్టారు రిహార్సలుకి ఇద్దరు అతిథుల్ని తీసుకొచ్చారు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒక నైజీరియా అతను, అతని భార్య. ఆమె నాకంటే చాలా చిన్నది. ఎత్తుగా, నిండుగా ఉంది. ఆ రోజు మూడో నాటిక. కొడుకు "నాకు నీ భాష రాదు, నాతో ఇంగ్లీషులో మాట్లాడు" అంటాడు. నేను గోడకి ఆనుకుని కుమిలిపోవాలి. కుమిలిపోయాను. ఆమె ఏదో అడిగింది. మాస్టారు నవ్వి తెలుగులో చెప్పారు.

"కొడుకు ఆ మాటంటే ఈవిడ ఏడుస్తుందేమిటి, చెంప పగలగొట్టదా అంటోంది."

అందరూ నవ్వారు. "మా ఇళ్ళల్లోనూ అంతేనండీ," అన్నాను. "మా అమ్మయితే చీపురు తిరగేసేది."

మాస్టారు ఆ మాట ఆమెకి చెప్పారు. ఆమె పెద్దగా నవ్వి నా భుజం మీద చెయ్యేసింది. ఆ రోజు నుంచి ఆ చోట నేను ఏడవలేదు. కొడుకు వేషగాడి మీద గట్టిగా అరిచాను. దర్శకుడు ముందు మొహం చిట్లించి, తర్వాత "ఉంచండి, బాగుంది" అన్నాడు.

వాళ్ళ ఆడవాళ్ళలా తలకి గుడ్డ చుట్టడం కూడా ఆమే నేర్పింది. గంజి పెట్టిన చీరాల చీర ఒకటి పట్టుకెళ్తే, దాన్ని మడతలు పెట్టి, నా నుదురు మీద బిగించి, వెనక ముడేసి, పైకి విసనకర్రలా నిలబెట్టింది. ఆ బిగువుకి కణతలు నొప్పెట్టాయి. అయినా ఆ గుడ్డ కట్టగానే నా మెడ దానంతటదే నిటారుగా నిలబడింది.

మొదటి నాటిక బాగానే జరిగింది. హాలు సగం నిండింది. ఎవరికీ మేకప్ లేదు. మొదట్లో గుసగుసలాడినవాళ్ళు కాసేపటికి సర్దుకుని కూర్చున్నారు. ఇల్లు వదిలేసే చోట ఒకరిద్దరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆ దంపతులు ముందు వరుసలో కూచుని చూశారు. ఆమె చివర్న లేచి చప్పట్లు కొట్టింది.

రెండో నాటిక రోజు నేను గ్రీన్‌రూముకి వెళ్ళేసరికి తండ్రి వేషగాడు నిలువెల్లా నల్లరంగు పూసుకుని కూర్చున్నాడు. కొడుక్కి పూస్తున్నారు. పెదాల చుట్టూ ఎర్రగా గీత గీశారు. ఆ సమాజం దర్శకుడు బ్యాంకులో ఉద్యోగి. నెమ్మదైన మనిషే.

"మాస్టారు వద్దన్నారు కదండీ?" అన్నాను.

"ఆయనకేం తెలుసమ్మా స్టేజీ సంగతి? ఎర్రగా బుర్రగా ఉన్నవాడొచ్చి నేను నైజీరియావాణ్ణంటే ఎవడు నమ్ముతాడు?"

"పోయిన వారం నమ్మారు కదా. వాళ్ళిద్దరూ ముందు వరసలో కూచుంటారండీ. వాళ్ళ ఎదురుగా ఇదేం బాగుంటుంది?"

"వాళ్ళకి సంతోషంగానే ఉంటుంది, మనం ఇంత కష్టపడ్డామని. నువ్వెట్టాగూ పూసుకోనక్కర్లేదుగా, నీకెందుకు?"

మాస్టారితో చెబుదామని హాల్లోకి తొంగి చూశాను. ఆయన అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు. ఈలోగా బెల్లు కొట్టేశారు.

తెర లేచేసరికి నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆఫీసులు తుడిచే పని నుంచి తెల్లారుజామున ఇంటికొచ్చిన తల్లిని. నేను బల్ల మీద కూచుని చెప్పులు విప్పుతుంటే హాలు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత తండ్రి వచ్చాడు. ఆ వెంటనే వెనక వరసల్లోంచి నవ్వు మొదలైంది.

"ఒరేయ్, బొగ్గుల కొట్టు తెరిచార్రోయ్!" అని ఎవడో అరిచాడు. హాలంతా గొల్లుమంది.

తండ్రి వేషం వేసినతను మంచి నటుడు. తడబడకుండా మాట చెప్పాడు. కానీ లైట్ల వేడికి చెమట పట్టి, రంగు మెడ మీదికి కారడం మొదలైంది. కథలో అతను నా కన్నీళ్ళు తుడవాలి. తుడిచాడు. అతని వేళ్ళ రంగు నా చెంప మీద చారలా అంటుకుంది. నా చెంప నలుపు వేరు, ఆ రంగు నలుపు వేరు. హాలు మళ్ళీ గొల్లుమంది.

ముందు వరసలో ఆ నైజీరియా అతను లేచి నిలబడ్డాడు. ఆమె లేవలేదు. నవ్వేవాళ్ళ వైపు తిరగలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. కోపం లేదు. పనిలోంచి వచ్చి బస్సులో కూలబడిన మనిషి చూపు అది, మా అక్క గుమ్మంలో కూర్చున్నప్పటి చూపు. ఆ రంగం అయ్యేదాకా ఉండి, ఆమె భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మిగతా మాటలు చెప్పాను. తల్లి అలసిపోయినట్టు నటించాల్సిన చోట నేను ఏమీ చెయ్యలేదు, ఊరికే నిలబడ్డాను.

తెర పడ్డాక మాస్టారు లోపలికొచ్చారు. దర్శకుడే ముందు మాట్లాడాడు.

"జనానికి విసుగు పుట్టలేదండీ. చూశారుగా, ఎంత నవ్వారో."

"ఎవర్ని చూసి నవ్వారు?" అన్నారు మాస్టారు. దర్శకుడు రంగు డబ్బా మూత బిగించుకుంటూ ఉండిపోయాడు. మాస్టారు వెళ్ళి మెట్ల మీద కూచున్నారు.

మర్నాడు మాస్టారు ఆ దంపతుల ఇంటికి బయలుదేరుతూ నన్ను రమ్మన్నారు. టైలరుకి చెప్పి వెళ్ళాను. చిన్న అద్దె వాటా. అతను మర్యాదగా కూర్చోబెట్టి కూల్‌డ్రింకులిచ్చాడు. మాస్టారు చాలాసేపు మాట్లాడారు. అతను తల పంకించాడు. ఆఖర్న ఆమె మాట్లాడింది. మాస్టారు ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే ఆయన గొంతు తగ్గిపోతూ వచ్చింది.

"బస్సెక్కితే నవ్వుతారు. కూరల దగ్గర నవ్వుతారు. పిల్లలు రంగు పోతుందేమోనని చెయ్యి రుద్ది చూస్తారు. అది అలవాటైంది. మీ నాటకంలో ఒక గంట కూచుంటే అదంతా ఉండదనుకుని వచ్చాను అంటోందమ్మా."

చిన్నప్పుడు బళ్ళో నన్ను ఏమని పిలిచేవారో ఆమెకి చెబుదామనుకున్నాను. మాస్టారి చేత చెప్పించాల్సి వస్తుంది కదా అని ఊరుకున్నాను. మిగిలిన రెండు నాటికలకీ రానని ఆమె అంది. రమ్మని మేం బతిమాలలేదు.

మూడో సమాజం వాళ్ళు రంగు డబ్బా జోలికి పోలేదు. నేను కొడుకు మీద అరిచినప్పుడు హాల్లో ఆడవాళ్ళు ముందుగా చప్పట్లు కొట్టారు. నాలుగోదానికి జనం బాగా పల్చబడ్డారు. ఎండలు ముదిరాయి, టీవీలో సీరియళ్ళ వేళ. ఆ నాటికలో తల్లి, భర్తని లండన్‌లోనే పూడ్చమంటుంది. "నా పిల్లలున్న ఊరే ఆయన ఊరు" అంటుంది. అంతకుమించి ఏమీ అనదు. నాటిక అయ్యాక ప్రకాశం జిల్లా నుంచి మిరపకాయలు తెచ్చి యార్డులో వంతు కోసం చూస్తున్న రైతు ఒకాయన, ఫ్యాను గాలి కోసం హాల్లోకొచ్చి కూర్చున్నాట్ట, నా దగ్గరికొచ్చాడు.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు. "అంతదూరం మోసుకుపోయి ఏం చేస్తారు? పిల్లలు వచ్చి చూసుకునే చోట ఉండాలి మనిషి."

నిజంగా నా భర్తే పోయినట్టు చెప్పాడు. నేనూ అలాగే తల ఊపాను.

రెండో సమాజం దర్శకుడు ఆ తర్వాత టైలరు షాపుకి ఫోన్ చేశాడు. ఆ నాటికని హాస్యంగా మార్చి పరిషత్తుకి పట్టుకెళ్తాడట, వస్తావా అన్నాడు. రానన్నాను. మాస్టారు కూడా ఒప్పుకోలేదు. దాంతో ఆగిపోయింది. సమాజాలు మళ్ళీ పాత తగాదాల్లో పడ్డాయి. అక్కకి ఈ సంగతి చెప్తే, "వేషం వద్దన్నావా, నువ్వా?" అని కాసేపు నా మొహం చూసి, "పోన్లే, పడుకో" అంది.

ఆమెని మరోసారి చూశాను. వేసవి చివర్లో, బస్టాండులో. పెద్ద పెద్ద సంచులతో ఒక్కతే బెంచీ మీద కూచుంది. చుట్టూ మనుషులు నిలబడి చూస్తున్నారు. నన్ను గుర్తుపట్టి పక్కకి జరిగి చోటిచ్చింది. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలు కొన్ని, ఆమె నేర్చుకున్న తెలుగు ముక్కలు కొన్ని. భర్తకి ఇంకా కొన్నాళ్ళ పనుందట. తను ముందు వెళ్ళిపోతోందట.

"లండన్?" అన్నాను.

"నో, నో. ఇల్లు. అమ్మ," అంది. తర్వాత అడిగింది. "డ్రామా? అయిపోయింది?"

"అయిపోయింది."

"నవ్వారా?"

"లేదు. ఎవరూ నవ్వలేదు."

ఆమె జారిపోతున్న సంచిని దగ్గరికి లాక్కుని, "గుడ్," అంది. ఆ ఒక్క మాటే.

హైదరాబాద్ బస్సొచ్చింది. ఇద్దరం కలిసి సంచులు లోపల పెట్టాం. కండక్టరు ఆమెని ఎగాదిగా చూసి "ఏ దేశం?" అని నన్నడిగాడు. "ఆవిణ్ణే అడగండి, తెలుగొచ్చు," అన్నాను. బస్సు కదిలేదాకా ఉండి షాపుకి వెళ్ళాను. పెళ్ళిళ్ళ రోజులు. కుట్టాల్సిన జాకెట్లు బోలెడున్నాయి.