జత కుదిరిన టార్చి

1991 డిసెంబరు 5, గురువారం, సాయంత్రం ఆరు గంటల నలభై రెండు నిమిషాలు. మీటర్ల మాస్టారు బల్ల మీద నుంచి తల ఎత్తి ఎదుటి గోడ వైపు చూశాడు. గోడ చీకటిగా ఉంది. ఆ ఇంట్లో ఆ గోడ చీకటిగా ఉన్నదంటే వెనక గదిలో ఆయన భార్య కులాసాగా ఉన్నదని అర్థం. అయినా మంచినీళ్ళ వేళ దాటిందని గుర్తొచ్చి, చేతిలోని గుడ్డ మడిచి పెట్టి లేచాడు.

విద్యుత్తు మీటర్లు పరీక్షించే గదిలో ఉద్యోగమంతా గడిపి విరమించిన మనిషి ఆయన. మీటరు తప్పు చూపుతున్నదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, తప్పు మీటరుదో మనిషిదో తేల్చడం ఆయన పని. ఆ గది హోరుకు చెవులు రెండూ క్రమంగా మందగించాయి. సిగరెట్టు, పేకాట, స్నేహితుల గుంపు ఏవీ లేవు. ఉన్న పిచ్చి ఒక్కటే, పాత టార్చిలైట్లు. అవి కూడా అన్నీ కావు. రైలింజన్లనూ కార్లనూ గాలిని కోసుకుపోయేలా నున్నగా, కోసుగా తయారుచేసిన కాలంలో, ఆ మోజు టార్చిలకు కూడా పాకింది. ముక్కు గుండ్రంగా, ఒళ్ళు చేపలా సన్నబడుతూ, నికెల్ పూత మీద పొడుగునా గీట్లతో కొన్ని రకాలు వచ్చాయి. వాటి కోసమే ఆయన పాత సామాను కొట్లన్నీ గాలించేవాడు.

మొదటిసారి ఒకటి ఇంటికి తెచ్చినప్పుడు భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎక్కడికి పరుగెత్తాలని దీనికింత సోకండీ? మన అలమార దాటి అడుగు వేసే యోగం కూడా ఉన్నట్టు లేదు,” అన్నది. ఆయన నవ్వలేదు గానీ, ఆ మాట చాలాకాలం గుర్తుపెట్టుకున్నాడు.

సేకరించేవాడికి నియమం ఒకటుంది. టార్చిలో సెల్లు వదిలేయకూడదు. మరిచిపోయిన సెల్లు ఒకటి కారి, లోపలి ఇత్తడిని పచ్చగా తినేయగా ఆయన ఒక మంచి టార్చిని పోగొట్టుకున్నాడు. అది మొదలు ఏ టార్చి పట్టుకున్నా తుడవడం, వెనక మూత తిప్పడం, సెల్లులు తీసి చెక్క పళ్ళెంలో పెట్టడం అన్నీ ఒకే కదలికగా జరిగిపోయేవి. అందుకు బుర్రతో అవసరం లేకపోయింది, చేయి చాలు.

కిందటేడు భార్యకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఎడమచేయి కొద్దిగా కదిలేది, దాని బొటనవేలు మాత్రం చెప్పినట్టు వినేది. ఆమె తమ్ముడు ఒక గంట కొని తెచ్చాడు. ఆమె మోగించింది, ఆయనకు వినిపించలేదు. కరెంటు బల్బు పెట్టిద్దామని తమ్ముడు అంటే, కరెంటు పోయినప్పుడెలాగని ఆయన వాదించాడు. అలమారలోని టార్చిలన్నీ ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టి చూశాడు. ఏడు గీట్ల చేప టార్చి స్విచ్చి ఒక్కటే ఆ వేలికి లొంగింది. ఆమె మంచం మీద నుంచి దాన్ని వెలిగిస్తే వెలుగు తలుపులోంచి వచ్చి, ఆయన బల్ల ఎదుటి గోడ మీద పడేది. ఒకసారి వెలిగితే నీళ్ళు. రెండుసార్లు వెలిగితే, పక్కకు తిప్పమని.

ఆ ఒక్క టార్చికి ఆయన నియమం సడలించాడు. రెండు సెల్లులూ కలిపి మూడు వోల్టులు ఉండాలి, రెండుకు దిగితే వెలుగు గోడ దాకా రాదు. ప్రతి ఆదివారం కొలిచేవాడు. పాత టార్చిలు చూసిపెట్టే గడియారాల షాపతను ఏడు గీట్ల టార్చి ఇంకొకటి దొరికేలా ఉందని కబురు పెట్టినప్పటి నుంచీ, ఆ హడావిడిలో, రెండు ఆదివారాలు కొలత తప్పిపోయింది.

గురువారం మధ్యాహ్నం గడియారాల షాపతను ఆ రెండోదాన్ని కాగితంలో చుట్టుకుని తెచ్చాడు. పక్కపక్కన పెట్టి చూడాలని మాస్టారు భార్య చేతిలోని టార్చి అడిగి తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. ఇద్దరూ బల్ల మీద వంగి గీట్లు లెక్కపెట్టారు, అంచులు తడిమారు.

“కవలలండీ మాస్టారూ,” అన్నాడు షాపతను, ఆయన చెవి దగ్గరగా వచ్చి. “కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు.”

మాస్టారు రెండింటినీ తుడిచాడు. షాపతన్ని వీధి గుమ్మం దాకా సాగనంపి, భార్య టార్చి తీసుకువెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంచెం పైకెత్తింది. ఆయన ముఖంలోకి చూసింది. మళ్ళీ టార్చిని చూసింది. పెదవి ఒక పక్కకు కదిలింది. కొత్తదాని సంగతి అడుగుతున్నదనుకున్నాడు ఆయన.

“అవును, జత కుదిరింది,” అని చెప్పి బల్ల దగ్గరికి వచ్చేశాడు.

ఆ తరవాత చాలాసార్లు తలెత్తి గోడ చూశాడు. ప్రతిసారీ చీకటే. ప్రతిసారీ నిశ్చింతగా తల దించుకున్నాడు.

ఆరు నలభై రెండుకు లేచి వెళ్ళేసరికి ఆమె వెల్లకిలా ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. బొటనవేలు స్విచ్చి మీదే ఉంది, స్విచ్చి ముందుకే జరిగి ఉంది. టార్చి చేతిలోకి తీసుకోగానే బరువు లేదని తెలిసింది. ఆయన మూత తిప్పి చూడలేదు, అవసరం లేదు.

డాక్టరు వచ్చి గొంతులో కఫం అడ్డుపడిందన్నాడు. పక్కకు తిప్పి ఉంటే దక్కేదేమోనని, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, చెప్పాడు. ఆమె పిలవలేదా అని అడిగాడు. మాస్టారుకు ఆ ప్రశ్న వినిపించింది.

“వెలగలేదు,” అన్నాడు.

బావమరిది వచ్చి చాలాసేపు అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అతనికి వచ్చిన కోపమంతా టార్చి మీదే.

“ఆ రోజే చెప్పాను బావా, బల్బు పెట్టిద్దామని. తాతల నాటి తుప్పు సామాను అది. సరిగ్గా అవసరానికి మొండికేసింది.” అంతలో గొంతు తగ్గించాడు. మాస్టారు పెదవులు చూసి తక్కినది పోల్చుకున్నాడు. “సెల్లులు అయిపోయి ఉంటాయి. అందులో మీ తప్పేముంది? మీరు మాత్రం ఏం చేస్తారు?”

 ఆ మాట మాస్టారులో ఒక మూల దిగబడింది. రెండు వారాలుగా కొలవలేదు. ఆమె రాత్రుళ్ళు చాలాసార్లు వెలిగించింది. అవి నిజంగానే అయిపోయి ఉండవచ్చు. అలాగైతే లోపల ఉన్నా ఆ టార్చి వెలిగేది కాదు. అప్పుడు కొలత మరచిన తప్పు ఒక్కటే మిగులుతుంది, దానితో ఎలాగో బతకవచ్చు. ఆ రాత్రంతా ఆయన ఆ ఆశను పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

తెల్లవారాక బావమరిది బండి మాట్లాడటానికి వెళ్ళాడు. మాస్టారు బల్ల దగ్గరికి వచ్చాడు. చెక్క పళ్ళెంలో సెల్లులు రెండూ పక్కపక్కన, నీటుగా, తన చేయి ఎప్పుడూ పెట్టే తీరులోనే ఉన్నాయి. అవి ఆమెవే. మార్చిన తేదీ రాసి తాను అతికించిన కాగితపు ముక్క వాటి మీద ఉంది. బల్బు భారం లేకుండా కొలిస్తే, అయిపోయిన సెల్లు కూడా ఒక్కోసారి లేని బలం చూపిస్తుంది. అందుకని రెండింటినీ వరసగా పెట్టి, ఆ టార్చి బల్బే తీసి, వాటికి తగిలించాడు. బల్బు వైపు చూడకుండా మీటరు తీగలు ఆనించి, ముల్లు కదలడం ఆగేదాకా ఉన్నాడు. ఉద్యోగంలో చేసినట్టే, కళ్ళజోడు సవరించుకుని, ముల్లుకు సూటిగా తల వంచి అంకె చదివాడు.

2.9.