పేరు పడదని మాటిచ్చిన మోహన్

నిన్న మధ్యాహ్నం రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగుతుండగా ఫోన్ వచ్చింది.

మోహన్ పోయాడు.

ఎస్కలేటర్ మీద కదలకుండా నిలబడటం నియమానుసారమే కనుక, నా షాక్ ఎవరి దృష్టికీ రాలేదు.

మోహన్ ఒకప్పుడు నా రూమ్మేట్, మీలో చాలామందికి గురువు. డిజైన్ అంటే మనుషుల విలువలను గౌరవించడమని సెమినార్లలో చెప్పినవాడు. నిన్నటి నుంచి మన గ్రూపులో వస్తున్న ప్రశంసలతో నాకు పేచీ లేదు. ఒక అనుబంధం మాత్రం జతపరచవలసి ఉంది.

తొంభైల చివరి సంగతి. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి టవర్లు లేపుతున్న రోజులు. ఒక ప్రభుత్వ దవాఖానలో రోగుల వంతును టీవీ తెర మీద చూపించే సిస్టమ్ మా కంపెనీకి అప్పగించారు. డిజైన్ మోహన్‌ది, ప్రోగ్రామ్ నాది.

స్పెసిఫికేషన్ ఉంది, అది చాలన్నాడు మేనేజర్. మోహన్ వినలేదు. ముందు అడగాలి, తర్వాతే గీయాలి అన్నాడు. చార్టుల మీద స్కెచ్ పెన్నుతో తెరలు గీసుకొని, వరండాలో రోగుల పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ పద్ధతి మీద నా గౌరవం ఇప్పటికీ రద్దు కాలేదు.

అక్కడే యాదమ్మ కలిసింది. పాలమూరు నుంచి వచ్చి, మా ఆఫీసు పక్క టవర్‌కే సిమెంటు మోసేది. క్షయకు మందులు వాడుతోంది.

"గీ తెర మీద నా పేరు పడ్తదా సారూ? బీమారి గూడ పడ్తదా? మా మేస్త్రికి ఎర్కైతే పనికి రానియ్యడు. గుడిసెల నుంచి గూడ ఎల్లగొడ్తడు."

"పడదమ్మా. నంబర్ ఒక్కటే పడుతుంది. నా మాట," అన్నాడు మోహన్.

"మాటంటే మాటే ఉండాలె మల్ల."

నంబర్ మాత్రమే పడేలా ప్రోగ్రామ్ రాశాను.

ప్రారంభోత్సవం నాడు జనం నిండుగా కనబడాలని లారీలో కూలీలను తరలించారు. తెచ్చింది ఆ మేస్త్రే. ముఖ్య అతిథి బటన్ నొక్కారు.

యాదమ్మ. క్షయ విభాగం. మూడో గది.

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి కొట్టలేదు. బెంచీ మీద యాదమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

మోహన్‌ను పక్కకు లాగాను. "ఏంట్రా ఇది?"

"నంబర్లు చూపిస్తే పెద్దాళ్ళ కంటికి ఏం ఆనుతుందిరా? ఇవాళ ఒక్కరోజే. రేపు మార్చేద్దాంలే."

"ఎవరు మార్చారు?"

"నేనే మార్పించా. నువ్వు ఒప్పుకోవనేగా నిన్న నీకు సెలవిప్పించింది."

మరునాడు మళ్లీ నంబర్లు వచ్చాయి. యాదమ్మ రాలేదు. గుడిసె దగ్గరికి వెళితే అందులో వేరే కుటుంబం వంట చేసుకుంటోంది. ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు.

ప్రాజెక్టుకు మెమెంటో వచ్చింది.

పోయిన నెల మణికొండలో మోహన్ ఫ్లాట్‌కు వెళ్లాను. మనిషి సగమయ్యాడు. మెమెంటో మాత్రం షోకేసులో తళతళలాడుతోంది. నా చేయి పట్టుకున్నాడు.

"నా జబ్బేంటో గ్రూపులో పెట్టకురా. నలుగురి నోళ్ళలో పడటం నావల్ల కాదు. మాటివ్వు."

యాదమ్మ గుర్తుందా అని నోటిదాకా వచ్చింది.

మాటిచ్చాను.

కావున, "ఏమైంది?" అని కామెంట్లలో అడుగుతున్న మిత్రులకు మనవి. ఏ జబ్బో ఇక్కడ రాయబడదు. మాటంటే మాటే ఉండాలి.

ఇది నీ దగ్గర నేర్చుకున్నది కాదు, మోహన్.

వెళ్ళిరా. ఎవరి పేరూ తెర మీద పడని చోట నీకు ప్రశాంతంగా నిద్ర పట్టాలి.